నూట ఇరవై ఏడు ఒకట్లు

అందరికీ నమస్కారం. ఈరోజు జాతీయ గణిత దినోత్సవం. రామానుజన్ గురించి చెబుతారా సార్ అని ఇందాక గుమ్మం దగ్గర ఒక అమ్మాయి అడిగింది. చెప్పడానికి ఎంతోమంది ఉన్నారమ్మా, నేను మాత్రం ఒకే ఒక్క సంఖ్య గురించి మాట్లాడదామని వచ్చాను. ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పాను. ఈ సంఖ్య గురించి ఎప్పుడు చెప్పినా నాకు కొత్తగానే ఉంటుంది. బోర్డు మీద రాస్తాను, చూడండి.

17,01,41,18,34,60,46,92,31,73,16,87,30,37,15,88,41,05,727.

మొత్తం 39 అంకెలు. కోటిని కోటితో గుణించి, దాన్ని మళ్ళీ కోటితో, అలా మొత్తం ఐదు కోట్లను ఒకదానితో ఒకటి గుణించండి. వచ్చినదానికి 1,701 రెట్లు పైమాటే ఇది. ఇది ప్రధాన సంఖ్య. అంటే 1తోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడదు. ఈ సంగతిని 1876లో ఫ్రాన్సులో ఒక లెక్కల మాస్టారు తేల్చాడు. ఆయన పేరు ఎడ్వార్ లూకా. కంప్యూటర్ లేదు, కాలిక్యులేటర్ లేదు. కాగితం, కలం, ఓపిక.

ఒక్కసారి ఆలోచించండి. ఇంట్లో తాళంచెవి కనిపించకపోతే వెతుకుతాం. దొరికిందనుకోండి, అక్కడితో అయిపోయింది. కానీ "తాళంచెవి ఈ ఇంట్లో లేదు" అని గట్టిగా చెప్పాలంటే? ప్రతి అర, ప్రతి డబ్బా, ప్రతి దిండు కింద చూడాలి. ఒక్క చోటు వదిలేసినా ఆ మాట అనడానికి లేదు. ప్రధాన సంఖ్య అని చెప్పడం ఇలాంటిదే. "దీనికి కారణాంకం లేదు" అని చెబుతున్నాం. ఉంది అని చూపించడం వేరు, లేదు అని నిరూపించడం వేరు. నేను ఈరోజు మాట్లాడేదంతా ఈ "లేదు" గురించే.

స్కూల్లో నేర్చుకున్న పద్ధతిలో వెతుకుదాం. ఒక సంఖ్యకి కారణాంకం ఉంటే, దాని వర్గమూలం లోపల ఒకటైనా ఉండి తీరాలి. మన సంఖ్య వర్గమూలం దాదాపు 13 తర్వాత 18 సున్నాలు. సెకనుకి ఒక భాగహారం చొప్పున, తిండీ నిద్రా లేకుండా చేసుకుంటూ పోతే 41,000 కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఈ విశ్వం వయసే 1,380 కోట్ల సంవత్సరాలు. కాబట్టి లూకా అరలన్నీ వెతకలేదు. వెతకకుండానే లేదని చెప్పాడు. ఎలా?

ముందు ఈ సంఖ్య ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. చదరంగం బల్ల మీద గింజల కథ మీ అందరికీ తెలుసు. మొదటి గడిలో 1, రెండో గడిలో 2, మూడో గడిలో 4, అలా రెట్టింపు. ఏడు గడులు అయ్యేసరికి మొత్తం 127 గింజలు. అంటే ఏడు రెండ్లను గుణించి ఒకటి తీసేసిన సంఖ్య, 2⁷ – 1. అరవై నాలుగు గడులకీ మొత్తం 2⁶⁴ – 1. ఈ మొత్తాన్ని మనవాళ్ళు ఒక తెలుగు పద్యంలో దాచారు. పావులూరి మల్లన పద్యమని చెబుతారు. శర అంటే మన్మథుడి బాణాలు, 5. శశి 1. షట్క 6. చంద్ర 1. అలా కుడివైపు నుంచి ఎడమవైపుకి అంకెలు పేర్చుకుంటూ వెళ్తే 18446744073709551615 వస్తుంది. నేను ఇంటర్‌లో ఉండగా మా తెలుగు మాస్టారు ఆ పద్యం చదివి అంకెలు బోర్డు మీద వేయించారు. ఇరవైకి ఇరవై అంకెలూ సరిపోయినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

అయితే ఆ సంఖ్య ప్రధాన సంఖ్య కాదు. చివర 5 ఉంది కదా, చూడగానే తెలిసిపోతుంది. దానికి 3, 5, 17, 257, 641, 65537, 6700417 కారణాంకాలు. ఇప్పుడు మన బల్లకి 64 గడులు కాకుండా 127 గడులు ఉన్నాయనుకోండి. ఆ గింజల మొత్తమే బోర్డు మీదున్న సంఖ్య. 2¹²⁷ – 1.

గడులు 127 ఎందుకు, 126 ఎందుకు కాకూడదు? దీనికి ఒక అందమైన కారణం ఉంది. కంప్యూటర్ రాసుకునే పద్ధతిలో, అంటే ఒకట్లు, సున్నాలతోనే రాస్తే, 2⁶ – 1 అంటే ఆరు ఒకట్లు: 111111. ఈ ఆరింటినీ రెండేసి చొప్పున మూడు సమానమైన ముక్కలు చేయొచ్చు. మూడేసి చొప్పున రెండు ముక్కలూ చేయొచ్చు. సమానమైన ముక్కలుగా తెగిందంటే ఆ ముక్క మొత్తాన్ని భాగిస్తుందన్నమాట. అందుకే 63ని 3 భాగిస్తుంది, 7 కూడా భాగిస్తుంది. మరి ఒకట్ల లెక్కే ప్రధాన సంఖ్య అయితే అలా కోయడానికి వీలుండదు. 127 ప్రధాన సంఖ్య. మన సంఖ్య అంటే 127 ఒకట్లు వరసగా నిలబడటం.

కానీ అలా కోయలేకపోయినంత మాత్రాన సరిపోదు. 11 ప్రధాన సంఖ్యే. 2¹¹ – 1 మాత్రం 2047, అంటే 23 × 89. పిల్లలు ఇక్కడే ఎక్కువగా మోసపోతారు. 17వ శతాబ్దంలో పారిస్‌లో మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి ఉండేవాడు. 1644లో ఆయన ఒక జాబితా ఇచ్చాడు. 257 వరకూ చూస్తే 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అనే ఘాతాంకాలకే ఇలాంటి ప్రధాన సంఖ్యలు వస్తాయన్నాడు. అందులో ఐదు తప్పులున్నాయని తర్వాత తేలింది. 67, 257 ఉండకూడదు. 61, 89, 107 ఉండాలి. అయినా ఈ రకం సంఖ్యలకి ఆయన పేరే నిలిచింది. ఆ జాబితాలో 31 సరైనదేనని 1772లో ఆయిలర్ తేల్చాడు. 127 దగ్గరికి మాత్రం చాలాకాలం ఎవరూ వెళ్ళలేకపోయారు.

కారణాంకం ఉంటే ఎలా ఉండాలో అప్పటికే కొంత తెలుసు. 2¹²⁷ – 1కి ప్రధాన కారణాంకం అంటూ ఉంటే, అది 254 గుణిజం మీద ఒకటి ఎక్కువ ఉండాలి. పైగా దాన్ని 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. ఇందాకటి 2047 చూడండి. 23 అంటే 22 మీద ఒకటి, 89 అంటే 88 మీద ఒకటి. మన సంఖ్యకి ఈ జల్లెడ పడితే 255, 509, 763, 1017 అన్నీ, ప్రధాన సంఖ్య కాకనో, 8తో భాగిస్తే శేషం కుదరకనో, రాలిపోతాయి. మొట్టమొదట పరీక్షించాల్సింది ఏమిటో తెలుసా? 2287. అంతకన్నా చిన్న సంఖ్య దేన్నీ ముట్టుకోనక్కరలేదు. ఎంత పని తగ్గిందో చూడండి. అయినా సెకనుకి ఒకటి చొప్పున ఇంకా 81 కోట్ల సంవత్సరాల పని మిగిలే ఉంది. కాబట్టి వెతుకులాటతో ఇది తెమిలే పని కాదు.

ఇక్కడ లూకా ఒక పక్కదారి పట్టాడు. ఆ దారి మొదట్లో మనకి బాగా తెలిసిన మనుషులు కనిపిస్తారు. కందపద్యం రాసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి... నలుగురైదుగురు ఉన్నారు, సంతోషం. కందానికి ఏ గణాలు?

(సభలోంచి: గగ, భ, జ, స, నల.)

సరిగ్గా చెప్పారు. నాలుగు మాత్రల గణాలు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. నాలుగు మాత్రల్ని గురులఘువులతో ఎన్ని రకాలుగా నింపొచ్చు? ఐదే రకాలు. అవే ఈ ఐదు గణాలు. మూడు మాత్రలైతే మూడు రకాలు. ఐదు మాత్రలైతే ఎనిమిది. ఎందుకంటే చివర లఘువైనా ఉండాలి, గురువైనా ఉండాలి. కాబట్టి ప్రతి సంఖ్యా దాని ముందున్న రెండింటి మొత్తం. 1, 2, 3, 5, 8, 13, 21. విరహాంకుడు, హేమచంద్రుడు లాంటి మన ఛందశ్శాస్త్రవేత్తలు ఈ వరసని పద్యాల కోసం పట్టుకున్నారు. ఇటలీలో ఫిబొనాచీ కుందేళ్ళ లెక్కలో రాశాడు. దానికి ఫిబొనాచీ పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చింది ఎవరో కాదు, ఈ లూకాయే.

లూకా అదే సూత్రంతో ఇంకో వరస తీసుకున్నాడు. 1, 3, 4, 7, 11, 18, 29, 47. ఇందులోనూ ముందున్న రెండూ కలిపితే తర్వాతది. ఇందులో రెండో స్థానం, నాలుగో స్థానం, ఎనిమిదో స్థానం, పదహారో స్థానం, అలా ఏరుకుంటే 3, 7, 47, 2207 వస్తాయి. వీటికి ఒక గుణం ఉంది. ఒకదాని వర్గంలోంచి 2 తీసేస్తే తర్వాతది వస్తుంది. 3 వర్గం 9, రెండు పోతే 7. 7 వర్గం 49, రెండు పోతే 47. ఈ మెట్లే ఆయన పరీక్ష. 3తో మొదలుపెట్టు. వర్గం చెయ్యి, 2 తియ్యి. నీ సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకో. ఘాతాంకం కన్నా రెండు తక్కువ సార్లు ఇలా చెయ్యి. చివర సున్నా వస్తే ప్రధాన సంఖ్య. రాకపోతే కాదు. 3తో మొదలుపెట్టడం అన్ని ఘాతాంకాలకీ పనికిరాదు. 4తో భాగిస్తే 3 మిగిలే ఘాతాంకాలకి చెల్లుతుంది. 127 అలాంటిదే.

ఇక్కడే చేసి చూద్దాం. 2⁷ – 1, అంటే 127 మీద. ఐదు మెట్లు. 3 నుంచి 7. 7 నుంచి 47. 47 నుంచి 2207, దాన్ని 127తో భాగిస్తే శేషం 48. 48 వర్గం 2304, రెండు తీస్తే 2302, శేషం 16. 16 వర్గం 256, రెండు తీస్తే 254. 254 అంటే రెండు 127లు. శేషం సున్నా! ఐదో మెట్టులో సరిగ్గా సున్నా. 127ని మనం 3తో భాగించలేదు, 7తో భాగించలేదు, 11తో భాగించలేదు. అయినా ప్రధాన సంఖ్య అని తేలిపోయింది.

ఇప్పుడు మోసం చేసిన 2047 మీద చేద్దాం. తొమ్మిది మెట్లు. 3, 7, 47, 160, 1034, 620, 1609, 1471, 160... ఆగండి. 160 మళ్ళీ వచ్చింది చూశారా? ఇంక తర్వాత 1034, మళ్ళీ 620, అదే బాటలో తిరుగుతూ ఉంటుంది. తొమ్మిదో మెట్టులో వచ్చేది 1034. ఎన్నేళ్ళు తిప్పినా సున్నా రాదు. 23, 89 అనే పేర్లు ఎక్కడా వినబడలేదు. కానీ లోపల ఏదో ఉందని తెలిసిపోయింది.

సున్నా వస్తే ప్రధాన సంఖ్యే అని ఎందుకు నమ్మాలి? పూర్తి నిరూపణకి ఇక్కడ టైం చాలదు గానీ, దాని ప్రాణం చెబుతాను. గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నారనుకోండి. బయల్దేరిన చోటికి తిరిగి రావడానికి ఎన్ని అడుగులు పడతాయన్నది ప్రాకారం ఎంత పెద్దదో దాన్నిబట్టి ఉంటుంది. ఈ లెక్క వెనకాల అలాంటి ప్రదక్షిణ ఒకటి జరుగుతోంది. చివర సున్నా వచ్చిందంటే ఆ ప్రదక్షిణకి సరిగ్గా 2¹²⁷ అడుగులు పడతాయని అర్థం. ఇప్పుడు మన సంఖ్యలో కారణాంకం దాక్కుని ఉందనుకుందాం. అందులో అన్నిటికన్నా చిన్నది వర్గమూలం లోపలే ఉంటుంది. దానికి ఉండే ప్రాకారం దాని వర్గం కన్నా చిన్నది, అంటే మన సంఖ్య కన్నా కూడా చిన్నది. అంత చిన్న ప్రాకారంలో 2¹²⁷ అడుగుల ప్రదక్షిణ పట్టదు. పట్టదు కాబట్టి ఆ కారణాంకం లేదు. అరలు వెతకలేదు. అర పెట్టుకోవడానికి చోటే లేదని చూపించాడు. నేను చదువుకున్న గణితంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వాదం ఇది.

ఇక ఆయన పడ్డ కష్టం. 125 మెట్లు. ప్రతి మెట్టులో 39 అంకెల సంఖ్యని దానితోనే గుణించి, 39 అంకెల సంఖ్యతో భాగించాలి. ఎక్కడ ఒక్క అంకె తప్పినా అంతా పోయినట్టే. దీనికి ఆయన ఒకట్ల, సున్నాల పద్ధతి వాడాడు. 9తో భాగిస్తే శేషం ఎంతో తెలుసుకోవడానికి మనం భాగహారం చెయ్యం కదా, అంకెలు కూడేస్తాం. 999 అయితే మూడేసి అంకెల ముక్కలు కోసి కూడొచ్చు. అలాగే 127 ఒకట్ల సంఖ్యతో భాగించాలంటే 127 స్థానాల దగ్గర కోసి, మిగిలిన ముక్కని తెచ్చి మొదట్లో కూడితే చాలు. భాగహారం కూడికగా మారిపోయింది. నిలువుకి 127, అడ్డానికి 127 గడులున్న పెద్ద చదరంగం బల్ల లాంటిది పెట్టుకుని, ఒకటి ఉన్న గడిలో కాయ పెడుతూ, సున్నా అయితే ఖాళీ వదులుతూ, ఆ కాయల్ని జరిపి ఈ లెక్క ఎలా చేయొచ్చో ఆయన రాశాడు. గింజల కథలోని బల్ల నిజంగానే లెక్కల బల్ల అయింది.

లూకాకి ఆటలంటే ప్రాణం. మీరు కంప్యూటర్ క్లాసులో చేసే టవర్ ఆఫ్ హనోయ్ ఉంది కదా, మూడు కడ్డీలు, చిల్లు బిళ్ళలు, అది ఆయన తయారు చేసిందే. 1883లో "సయాం నుంచి క్లౌస్" అనే పేరుతో బయటపెట్టాడు. క్లౌస్ అన్నది లూకా పేరులోని అక్షరాలు అటూ ఇటూ మార్చి పెట్టుకున్న పేరు. ఆ ఆటకి కట్టిన కథ మన కాశీలోని గుడిలో జరుగుతుంది. 64 బంగారు బిళ్ళలు జరపడానికి కావలసిన ఎత్తులు ఎన్ని? 2⁶⁴ – 1. పావులూరి పద్యంలో ఉన్న సంఖ్యే. ఆయన 1891లో, 49 ఏళ్ళకే పోయాడు. ఒక విందులో పళ్ళెం కిందపడి పగిలి, పెంకు ఎగిరి చెంపకి తగిలింది. ఆ గాయం ముదిరి కొద్దిరోజుల్లోనే మరణించాడు. ఈ విషయం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆయన పరీక్షల్లో కొన్నిటికి నిరూపణలు అసంపూర్తిగా ఉండిపోయాయి. 1930లో అమెరికాలో డెరిక్ లేమర్ వాటిని చక్కదిద్ది, 4తో మొదలుపెడితే అన్ని బేసి ప్రధాన ఘాతాంకాలకీ పనిచేస్తుందని చూపించాడు. ఇప్పుడు దీన్ని లూకా–లేమర్ పరీక్ష అంటారు.

ఇదే లూకా మెర్సెన్ జాబితాలోని 67 తప్పని కూడా కారణాంకాలు తెలియకుండానే చెప్పాడు. ఆ కారణాంకాలు 1903లో గానీ దొరకలేదు. ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ఆయన అమెరికాలో గణితజ్ఞుల సభలో 193707721ని 761838257287తో బోర్డు మీద గుణించి చూపించాడు. ఉందని తెలిసిన దాన్ని చూడటానికి పాతికేళ్ళకు పైగా పట్టింది.

2¹²⁷ – 1 మాత్రం 75 ఏళ్ళు లోకానికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్యగా నిలబడింది. 1951లో ఫెరియే అనే ఆయన బల్ల మీద పెట్టుకునే లెక్కల యంత్రంతో 44 అంకెల ప్రధాన సంఖ్య తేల్చాడు. అదే ఏడు కేంబ్రిడ్జిలో మిల్లర్, వీలర్ కంప్యూటర్‌తో 79 అంకెలది కనిపెట్టారు. దాన్ని ఎలా కట్టారో వినండి. మన సంఖ్య వర్గాన్ని 180తో గుణించి ఒకటి కలిపారు. కొత్త రికార్డు పాత రికార్డు మీదే లేచింది. మరుసటి ఏడు జనవరి 30న రాబిన్సన్ రాసిన ప్రోగ్రామ్ ఒకే రోజు 521, 607 ఘాతాంకాల్ని పట్టుకుంది. 2024 అక్టోబర్‌లో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ – 1కి 4,10,24,320 అంకెలు ఉన్నాయి. ల్యూక్ డ్యురాంట్ దాన్ని కనిపెట్టాడు. దాన్ని ఖాయం చేసింది కూడా ఈ లూకా–లేమర్ పరీక్షే. అయినా యంత్రం సాయం లేకుండా మనిషి చేత్తో తేల్చినవాటిలో పెద్దది ఇప్పటికీ ఈ బోర్డు మీద ఉన్నదే.

"దీనివల్ల ఉపయోగం ఏంటి సార్?" అని వెనక నుంచి ఒకబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న, దాచుకోకుండా అడిగావు. మన బ్యాంకు లావాదేవీల్లో రహస్యం కాపాడేది పెద్ద ప్రధాన సంఖ్యలే. 127 ఒకట్ల సంఖ్యతో భాగహారం కూడికగా మారుతుందని చెప్పాను కదా, ఆ సుళువు కోసమే దీన్ని రహస్య లిపిలో వాడిన పద్ధతులూ ఉన్నాయి. ఏ సంఖ్య ఇచ్చినా అది ప్రధానమో కాదో వేగంగా, కచ్చితంగా తేల్చే పద్ధతి మన కాన్పూర్ ఐఐటీలో 2002లో పుట్టింది. అగ్రవాల్, కయాల్, సక్సేనా కలిసి చేశారు. కయాల్, సక్సేనా ఇద్దరూ అప్పటికి మీలాంటి విద్యార్థులే. కానీ లూకా బ్యాంకుల కోసం 125 మెట్లు ఎక్కలేదు బాబూ. తెలుసుకోవాలనిపించి ఎక్కాడు.

ఇంకొక్క విషయం చెప్పి ఆపేస్తాను. 2తో మొదలుపెట్టండి. 2² – 1 అంటే 3. 2³ – 1 అంటే 7. 2⁷ – 1 అంటే 127. 2¹²⁷ – 1 మన సంఖ్య. అన్నీ ప్రధాన సంఖ్యలే. లూకా ప్రకటన చూసి కాటలాన్ అనే గణితజ్ఞుడు ఈ గొలుసుని గమనించాడు. మరి తర్వాతి మెట్టు? బోర్డు మీదున్న సంఖ్య అంత పొడుగు ఒకట్ల వరస. అది ప్రధానమో కాదో ఈరోజుకీ ఎవరికీ తెలియదు. లూకా పరీక్ష పెడదామంటే, బోర్డు మీదున్న ఈ సంఖ్యకి రెండు తక్కువ, అన్ని మెట్లు ఎక్కాలి. దానికి కారణాంకం ఉంటే, అతి చిన్నది కూడా బోర్డు మీదున్న సంఖ్యకి రెట్టింపు కన్నా పెద్దదే.

దాన్ని అలా ఉంచండి. కాగితం ఉన్నవాళ్ళు రాసుకోండి. ఇంటికెళ్ళి 2¹⁹ – 1 మీద చెయ్యండి, అంటే 524287. 3తో మొదలుపెట్టి పదిహేడు మెట్లు. ఒక సాయంత్రం పడుతుంది. చివర సున్నా వస్తుంది. రాకపోతే మధ్యలో ఎక్కడో కూడిక తప్పింది, వెనక్కి వెళ్ళి చూసుకోండి. అది అయ్యాక 23తో చెయ్యండి. దానికి సున్నా రాదు. ఎందుకు రాదో, ఏ కారణాంకం అడ్డుపడిందో, ఇందాక చెప్పిన జల్లెడ పట్టి మీరే పట్టుకోండి. మొదటి ప్రయత్నంలోనే దొరుకుతుంది.